మంట దగ్గర పదకొండు మంది

ఆ వానాకాలం రోజుకు రెండుసార్లు నేను ఒకే అబద్ధం రాసేవాణ్ణి. పొద్దున ఆరున్నరకు ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి. గేటు కాపలా కోసం చమురు కంపెనీ ఇచ్చిన నీలం అట్ట పుస్తకంలో తేదీ, టైము, గాలి ఎటు వీస్తోందో రాసి, చివరి గడిలో "లోపల మనుషులెవరూ లేరు" అని సంతకం పెట్టేవాణ్ణి. నేను రాస్తూ ఉండగానే మా అమ్మ నా ముందునుంచి గేటు దాటి లోపలికి వెళ్లేది.

మా ఊరు ఎక్రుమరో. బావుల్లో చమురుతో పాటు పైకి వచ్చే గ్యాసును ఊరి చివర ఒక గొట్టంలోంచి వదిలి తగలబెడతారు. గొట్టం నేలబారుగా ఉంటుంది. దాని మూతికి ఎదురుగా మూడు వైపులా మనిషెత్తు మట్టికట్ట, మధ్యలో ఇటుకల నేల. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. మంట వయసులో నాకంటే పెద్దది. ఊళ్లో ఎవరికీ చీకటి తెలియదు, నిశ్శబ్దం తెలియదు. ఆ హోరు మీద గొంతెత్తి మాట్లాడడం మాకు అలవాటు. పక్క ఊరివాళ్లు మమ్మల్ని పోట్లాడుకునేవాళ్లు అంటారు.

వానాకాలంలో మాకు ఎండ ఉండదు. కర్రపెండలం తురిమి, మూటగట్టి, రాళ్ల కింద పెట్టి నీరు పిండి, చేత్తో తుంచి ఎండబెట్టిన ముక్కల్ని క్పోక్పో అంటాం. పక్క ఊళ్లలో అది ఎండడానికి రెండు వారాలు పడుతుంది, ఈలోగా సగం బూజు పడుతుంది. మా ఊళ్లో మధ్యాహ్నానికి గలగలమంటుంది. మా ఆడవాళ్లు దాన్ని మంట ముందు ఎండబెడతారు.

ఎంత దగ్గరగా ఎండబెట్టాలో అమ్మ చెప్పేది. రోజూ పొద్దున మంటకు ఎదురుగా నడిచి వెళ్లి చెంప చూపించేది. చెంప ఎక్కడ ఓర్చుకోలేకపోతే అక్కడ మొదటి వరస. మంట తగ్గితే బుట్టలు ముందుకు, పెరిగితే వెనక్కి. ముప్పై ఏళ్లు ఆ హోరు ముందు కూర్చున్నవాళ్లకు చెవులు మిగలవు. అమ్మకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో అరిస్తే కొంచెం వినబడుతుంది. అందుకని మంట దగ్గర మాటలన్నీ చేతులతోనే.

గేటు దాటేటప్పుడు అమ్మ నాకు వేళ్లు చూపించేది. పది వేళ్లు, తర్వాత ఒక వేలు. పదకొండు మంది. బయటికి వచ్చేటప్పుడు మళ్లీ చూపించేది. రెండు లెక్కలూ కలిస్తేనే నేను ఊపిరి వదిలేవాణ్ణి. పుస్తకంలో ఉన్నది అబద్ధం. నిజం అమ్మ వేళ్లలో ఉండేది.

ఆ ఏడు నాకు భయం ఎక్కువగా ఉండేది. మే నెలలో రెండు వాగుల అవతల ఒక ఊళ్లో గాలి తిరిగి మంట కట్ట దాటి వచ్చింది. ముగ్గురు పోయారు. కంపెనీ పుస్తకం ప్రకారం అక్కడ మనుషులెవరూ లేరు. ఆ గేటు దగ్గర కాపలా ఉన్నవాడు ఏమయ్యాడో ఇప్పటికీ తెలియదు.

"అమ్మా, ఈ వానాకాలం మానెయ్యండి," అని ఆమె కుడి చెవిలో అరిచాను.

"మానేస్తే? మీ కంపెనీ వచ్చి నా పెండలం ఎండబెడుతుందా?"

ఎలొహో అత్త మా ఇంట్లోనే ఉంది. మా నాన్న చెల్లెలు. పదకొండు మందిలో రెండోది. "వీడి టోపీ చూడు వదినా," అంది. "అది నెత్తిన పెట్టినప్పటి నుంచీ మనం వీడికి మేకల్లా కనబడుతున్నాం."

"మేకలు నయం అత్తా. మంటంటే భయపడతాయి."

"మీ నాన్నా భయపడ్డాడు. ఒక్కనాడు మంట దగ్గరికి రాలేదు. మంచంలో పోయాడు. మేం మంట ముందు కూర్చుని నిన్ను పెంచాం."

అప్పుడే పక్కింటి కోడలు ఇసియో గుమ్మంలోకి వచ్చింది. భర్త వారీ రేవులో పడవల మీద పనిచేస్తాడు, నెలకోసారి వస్తాడు. ఆమెకు ఐదో నెల.

"అత్తా, మూడు బుట్టలు కుళ్లిపోతున్నాయి. ఒక్కరోజు నన్నూ తీసుకెళ్లు," అంది అమ్మ చెవి దగ్గర వంగి.

కడుపుతో ఉన్నవాళ్లు మంట దగ్గరికి రాకూడదన్నది అమ్మ పెట్టిన నియమం. అంతకుముందు రెండేళ్లలో ముగ్గురికి కడుపు నిలవలేదు. మంట వల్లేనని ఏ డాక్టరూ చెప్పలేదు. అమ్మ చెప్పింది.

"ఒక్కరోజూ లేదు, అరరోజూ లేదు. బుట్టలు ఇటియ్యి. నేను ఎండబెట్టి తెస్తా."

"నీ వరసలో నీ బుట్టలకే చోటు చాలదు కదత్తా."

అమ్మ చేయి అడ్డంగా ఊపింది. ఇసియో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. నాకు ఊరటగా అనిపించింది. ఒక్కరైనా తగ్గారు.

చమురు స్టేషన్లో ఆపరేటరు ఎహిగీ. బెనిన్ నగరం నుంచి వచ్చినవాడు. ఆడవాళ్ల సంగతి అతనికి తెలుసు. నేను పనిలో చేరిన మొదటి వారంలోనే నాతో అన్నాడు: "నాకు కళ్లు లేవు ఒబారో, నీకు నోరు లేదు. ఇద్దరం కలిస్తే కంపెనీకి ఒక మంచి ఉద్యోగి." పొద్దున, సాయంత్రం రేడియోలో అడిగేవాడు. "ఖాళీయేనా?" నేను "ఖాళీయే ఓగా," అనేవాణ్ణి. ఓగా అంటే మా దగ్గర పెద్దసారు. అది పూర్తయితేనే అతని పుస్తకంలో అతని సంతకం.

వానలు తగ్గాక ఆ గ్యాసును కరెంటు తయారుచేసే చోటికి గొట్టాల్లో పంపుతారని చెప్పింది కూడా ఎహిగీయే. "ఇక్కడ తగలబడేదానితో మా బెనిన్‌లో సగం దీపాలు వెలుగుతాయి తెలుసా?" అన్నాడు.

ఎలొహో అత్తకు చెప్తే ఆమె నవ్వింది. "అంటే మన దీపం ఆర్పి వాళ్ల దీపం వెలిగిస్తారన్నమాట. బాగుంది. అగ్గిపెట్టె కూడా పంపమంటారా?"

జరిగింది ఆగస్టులో, ఒక శుక్రవారం. దానికి ముందు ఒక సంగతి చెప్పాలి. ఊరు గుర్తుపెట్టుకున్నంతలో ఆ మంట మూడుసార్లు ఆరింది. ఒకసారి చమురు కార్మికుల సమ్మెలో, రెండుసార్లు మరమ్మతుకు. మూడుసార్లూ స్టేషన్లో గ్యాసు కట్టేశాకే ఆరింది. మంట ఆరినా ఇటుకలు రోజంతా కాలుతూ ఉంటాయి. ఆడవాళ్లు నేరుగా ఇటుకల మీదికి వెళ్లి పెండలం పరిచారు. ఆ మూడుసార్లు ఎండినంత బాగా క్పోక్పో ఎప్పుడూ ఎండలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. మంట ఆరిందంటే గ్యాసు కట్టేసినట్టే అని మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మాకు తెలిసింది తప్పు.

ఆ శుక్రవారం తెల్లవారకముందు నుంచీ వాన. ఆరున్నరకు అమ్మ వాళ్లు వచ్చారు. నెత్తిన బుట్టలు, బుట్టల మీద ప్లాస్టిక్ పట్టాలు. అమ్మ గేటు దగ్గర ఆగి వేళ్లు చూపించింది. పది. ఒకటి. నేను పుస్తకంలో సంతకం పెట్టాను.

ఎనిమిదింటికి వాన ఇంకా పెరిగింది. ఎనిమిదీ ఇరవైకి హోరు ఆగిపోయింది.

నాకు మొదట చెవులు పోయాయనిపించింది. తర్వాత ఊళ్లో కోడి కూయడం వినబడింది. గేటు దగ్గర నిలబడి నేను కోడి కూత వినడం అదే మొదలు. తర్వాత లోపల్నుంచి ఎలొహో అత్త కేక. "ఆరింది! పదండి, పదండి!" నవ్వులు. వాన నీళ్లు కాలిన ఇటుకల మీద పడి ఆవిరి లేచింది. ఆ ఆవిరిలోకి వాళ్లు బుట్టలతో నడిచి వెళ్లడం కనబడింది. కాసేపటికి ఎవరూ కనబడలేదు.

రేడియో పలికింది. "ఒబారో. మంట పోయింది. ఖాళీయేనా?"

"ఖాళీయే ఓగా."

"వెలిగించడానికి బ్లాకు దగ్గరికి వెళ్తున్నా. రేడియో ఆపేస్తున్నా." టక్కుమంది.

ఆ మాట నేను ఆలోచించి అనలేదు. రెండేళ్లుగా రోజుకు రెండుసార్లు అంటున్న మాట. నోరు దానంతటదే అంది.

అప్పుడు విన్నాను. హోరు పోయిన చోట ఇంకో శబ్దం ఉంది. సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్నట్టు, ఆగకుండా. స్టేషన్లో గ్యాసు కట్టలేదు. వాన మంటను మాత్రమే ఆర్పింది. గ్యాసు వస్తూనే ఉంది. అది కట్ట లోపల నిండుతోంది. ఆ శబ్దం లోపలున్న పదకొండు మందిలో ఎవరికీ వినబడదు.

మంట ఇలా ఆరిపోతే మళ్లీ వెలిగించడానికి ఒక పద్ధతి ఉంది. కట్టకు ఎదురుగా, చిత్తడి అవతల, నూటయాభై అడుగుల దూరంలో సిమెంటు బ్లాకు ఉంటుంది. ఆపరేటరు దాని వెనక నిలబడి తుపాకీతో నిప్పు గుండు పేలుస్తాడు. అది కట్ట మీదుగా వెళ్లి లోపల పడుతుంది. ఉత్పత్తి ఆగకూడదు కాబట్టి అరగంటలో వెలిగించాలని రూలు. గ్యాసున్న చోట రేడియో వాడకూడదు కాబట్టి ముందే ఆపేస్తారు. స్టేషన్ నుంచి బ్లాకు దాకా చెక్కల దారి, పది నిమిషాలు. నా గేటు నుంచి బ్లాకుకు చిత్తడి చుట్టూ తిరిగి వెళ్లాలి, అరగంట.

రేడియోలో రెండుసార్లు పిలిచాను. మూడోసారి నొక్కబోయి ఆగాను. రేడియో, ఫోను, టార్చి మూడూ స్టూలు మీద పెట్టాను. బూట్ల అడుగున ఇనప మేకులున్నాయి, రాయికి తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. బూట్లు విప్పాను. లేసు ముడి పడింది. దాన్ని విప్పడానికి పట్టిన సమయం ఇప్పటికీ కలలో వస్తుంది. విప్పి పరిగెత్తాను.

కట్ట దగ్గరికి వచ్చేసరికి పెట్రోలు బంకులో వచ్చే వాసన వచ్చింది. తల తేలికైంది. ఆవిరిలో ఎవరు ఎక్కడున్నారో తెలియడం లేదు. అరిచినా వినరు. ఒక్కొక్కరినీ వెతికి, భుజం పట్టుకుని, చేతులతో చెప్పి బయటికి పంపాలి. పదకొండు మంది. పది నిమిషాల్లో ఎన్ని అయిపోయాయో తెలియదు.

నేను లోపలికి వెళ్లలేదు. కట్ట ఎక్కాను. బురదలో రెండుసార్లు జారాను. పైకెక్కి నిలబడి చూస్తే ఎహిగీ అప్పటికే బ్లాకు దగ్గర ఉన్నాడు. తుపాకీ పట్టుకున్న చేయి ఎత్తి ఉంది. నేను రెండు చేతులూ చాపాను. కాపలావాళ్లకిచ్చే పచ్చ కోటు ఒంటి మీదే ఉంది. అరుద్దామనుకున్నాను, గొంతు రాలేదు. అతని చేయి అలాగే ఉంది. అతను నన్ను చూశాడో, వానలో నేను కనబడటం లేదో తెలియదు. నా వీపు వెనక మా అమ్మ ఉంది. తిరిగి చూడలేదు. తిరిగితే అతనికి నేను మనిషిలా కనబడనేమో అనిపించింది.

చేయి కిందికి దిగింది.

ఎవరో నా మడమ పట్టుకుని లాగారు. ఎలొహో అత్త. "ఏంట్రా, దిష్టిబొమ్మలా నిలబడ్డావు?"

ఆమె వైపు వంగి ముక్కు మూసి చూపించాను. గొట్టం వైపు చేయి చూపించి వేళ్లు విప్పాను. వస్తోంది. ఆమె ముఖంలో నవ్వు పోయింది. ఆవిరిలోకి పరిగెత్తి ఒక్కొక్కరి వీపు మీదా చరచడం మొదలుపెట్టింది.

వాళ్లు గేటు వైపు నడుస్తుంటే కట్ట మీదనుంచి లెక్కపెట్టాను. ఎలొహో అత్త, అక్పెవె, ఆమె తోడికోడలు. ఏడు. తొమ్మిది. పది. చివర అమ్మ. పదకొండు. నేను ఎహిగీ వైపు తిరిగి రెండు చేతులూ నెత్తి మీద కలిపి చూపించాను. ఖాళీ. అతను తుపాకీ మళ్లీ ఎత్తాడు.

గేటు దగ్గర అమ్మ ఆగింది. వెనక్కి తిరిగింది. ఆమెకు అరవై ఏళ్లు. కట్టుకున్న గుడ్డ మోకాళ్ల పైకి ఎత్తి పట్టుకుని ఆవిరిలోకి పరిగెత్తింది.

"బుట్టలు వదిలెయ్యమ్మా!" అప్పుడు వచ్చింది నా గొంతు.

ఆమెకు వినబడదు. ఎహిగీకి వినబడింది. తుపాకీ బురదలోకి విసిరేశాడు. బ్లాకు పక్కన గొట్టం మీద ఉన్న, గ్యాసు కట్టేసే చక్రం వైపు పరిగెత్తాడు. అమ్మ వెనక వెళ్లడమా, చక్రం దగ్గరికి వెళ్లడమా అని ఒక్క క్షణం ఆగాను. నేను లోపలికి వెళ్తే లోపల ఇద్దరం అవుతాం, అంతే. కట్ట అవతలికి దూకి చిత్తడికి అడ్డంగా, నడుం లోతు నీళ్లలో వెళ్లాను. ఆ చక్రం ఏళ్లుగా ఎవరూ తిప్పలేదు. ఇద్దరం వేలాడితే కదిలింది. పావుగంట తిప్పాం. చివరికి ఆ శబ్దం సన్నబడి ఆగింది.

ఎహిగీ చెక్కల మీద కూలబడ్డాడు. చేతులకంటిన తుప్పు తుడుచుకుంటూ అన్నాడు: "రెండుసార్లు ఖాళీ అన్నావు."

"పదకొండు మందీ వచ్చేశారు ఓగా. మా అమ్మ బుట్టల కోసం వెనక్కి వెళ్లింది."

"బుట్టల కోసం," అన్నాడు.

తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి సగం ఊరు అక్కడే ఉంది. హోరు ఆగితే అందరూ భయపడి వచ్చారు. ఆడవాళ్లు గడ్డి మీద కూర్చున్నారు. అమ్మ ఇసియో తలను ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డతో ముఖం తుడుస్తోంది. పిల్ల కూడా ఊళ్లోంచి పరిగెత్తి వచ్చి కళ్లు తిరిగి పడిందనుకున్నాను. బుట్టలు లోపలే ఉన్నాయి. అమ్మ వాటిని మోయలేక వదిలేసి వచ్చిందనుకున్నాను. ఆమె నన్ను చూసి ముఖం తిప్పుకుంది. ఆ రోజు వేళ్లు చూపించలేదు.

సాయంత్రం ఆరింటికి ఎహిగీ గేటు దగ్గరికి వచ్చాడు. బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. "ఏం రాస్తావు?"

"మీరేం రాస్తారు?"

"నువ్వు రాసింది చూసి రాస్తా."

ఎవరూ లేరని రాస్తే రేపు మళ్లీ ఇదే. ఉన్నారని రాస్తే రేపు పని ఉండదు, వాళ్లకీ నాకూ. పదకొండు పేర్లూ రాశాను, అమ్మ పేరు మొదట. ఎహిగీ చదివి కింద సంతకం పెట్టాడు. ఆ పుస్తకంలో నేను రాసిన మొదటి నిజం అదే అనుకున్నాను.

వారంలో ముళ్లకంచె వచ్చింది. గేటుకు కొత్త కాపలావాళ్లు వచ్చారు, ఊరివాళ్లు కారు. ఎహిగీని ఎక్కడికో బదిలీ చేశారు. మంట మళ్లీ వెలిగింది, హోరు మళ్లీ వచ్చింది. దాని ముందు ఎవరూ లేరు. ఊళ్లో చూరుల కింద పెండలం బూజు పట్టింది. ఆ పదకొండు ఇళ్లలో ఒక్కరు కూడా నాతో మాట్లాడలేదు, ఎలొహో అత్త తప్ప.

"పదకొండు మందిని బతికించావు, పదకొండు పొయ్యిలు ఆర్పావు," అంది. "నీకు దండం పెట్టాలో నిన్ను తన్నాలో తేలడం లేదు. తేలేదాకా తిను." నా ముందు గిన్నె పెట్టింది.

అమ్మ మాట్లాడలేదు. మా ఇళ్లలో పొద్దున లేవగానే తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని "మిగ్వో" అంటాం. ఆమె "వ్రెన్దో" అంటే లే అని. అప్పుడు లేస్తాం. నేను రోజూ కూర్చునేవాణ్ణి. ఆమె నా నెత్తి మీదుగా గోడ వైపు చూసేది. కొంతసేపు చూసి నేనే లేచేవాణ్ణి. సెప్టెంబరులో ఒకరోజు ఓర్చుకోలేకపోయాను.

"నాలుగు బుట్టల పెండలం కోసం చావడానికి వెళ్లావు," అని ఆమె కుడి చెవిలో అరిచాను. "నేను నీ కోసం తుపాకీకి ఎదురుగా నిలబడ్డాను. నువ్వు బుట్టల కోసం వెనక్కి వెళ్లావు. ఇప్పుడు కోపం నీకా?"

ఆమెకు వినబడింది. పెదవులు కదిలాయి. లేచి పెరట్లోకి వెళ్లింది. కూర్చుని పెండలం గబగబా తురమసాగింది. కోపంతో అనుకున్నాను.

డిసెంబరులో గొట్టాల పని పూర్తయింది. గ్యాసు కరెంటు తయారుచేసే చోటికి మళ్లింది. మంట చిన్నదై, ఒక సాయంత్రం ఆరిపోయింది. పెద్ద తీగలు మా ఊరి మీదుగానే వెళ్తాయి, మా ఇళ్లకు మాత్రం రావు. పొద్దు గుంకగానే పిల్లలు ఏడ్చారు. పెద్దవాళ్లు కూడా తలుపులు వేసుకుని కూర్చున్నారు. ఒకరి మాట ఒకరికి గట్టిగా వినబడి, అందరూ గొంతు తగ్గించడం నేర్చుకున్నారు. మూడో రోజు ఇసియో కనింది. మగపిల్లాడు.

మర్నాడు పొద్దున అమ్మ నా చొక్కా పట్టుకుని పక్కింటికి తీసుకెళ్లింది. ఆ పూట ఇంకా దండం పెట్టలేదు. ఇసియో గదిలోనే మోకాళ్ల మీద కూర్చుని "మిగ్వో" అన్నాను. అమ్మ గోడ వైపు చూడలేదు. పక్క మీదనుంచి పిల్లాణ్ణి తీసి నా చేతుల్లో పెట్టింది. వాడు నిద్రపోతున్నాడు.

తర్వాత వేళ్లు చూపించింది. పది. నేను చూస్తున్నాను. రెండు. ఆగింది. ఒక వేలు తెచ్చి పిల్లాడి గుండె మీద పెట్టింది.

నాకు అర్థం కాలేదు. అర్థం కావడం ఇష్టం లేదేమో. ఇసియో తల వంచుకుని చెప్పింది.

"అన్నా, ఆ రోజు ఏడ్చి ఏడ్చి మీ అమ్మను ఒప్పించా. నువ్వు చూస్తే ఆపేస్తావని వెనక తాటిచెట్ల సందులోంచి రమ్మంది. చివర మూలలో, మంటకు దూరంగా కూర్చోబెట్టింది. మంట ఆరాక తల తిరిగింది. పడుకున్నా. నేను వచ్చిన దారినే వెళ్లిపోయాననుకుందట, గేటు దగ్గర అనుమానమొచ్చింది. తర్వాత అత్త నన్ను ఈడ్చుకెళ్లడం ఒక్కటే గుర్తు."

నేను కట్ట మీద నిలబడి రెండు చేతులూ నెత్తి మీద కలపడం కనబడింది. ఎహిగీ తుపాకీ ఎత్తడం కనబడింది. పుస్తకంలో నా చేతిరాత కనబడింది. పదకొండు పేర్లు, కింద సంతకం.

అమ్మ నా ముఖంలోకి చూస్తోంది. నాలుగు నెలలుగా ఆమె కళ్లలో ఉన్నది కోపం కాదని అప్పుడు తెలిసింది. నాకు బాగా తెలిసిందే అది. రోజూ గేటు దగ్గర వేళ్లు లెక్కపెట్టేటప్పుడు నాలో ఉండే భయమే, లెక్క కలుస్తుందో లేదోనని.

"వ్రెన్దో," అంది. చెవిటివాళ్లు మాట్లాడినట్టు, గట్టిగా. పిల్లాడు ఉలిక్కిపడ్డాడు.

లేవమంటోంది. వాణ్ణి పట్టుకుని అలాగే మోకాళ్ల మీద ఉన్నాను.